మోజా చెప్పిన మాట

“కాఫీ బల్ల మీద ఉంది.”

ఆ మాట గోడతో అన్నట్టు అనేసి సుగుణ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రెండు రోజులుగా ఆ ఇంట్లో చెల్లుబాటవుతున్న మాటలు ఇవే. కాఫీ బల్ల మీద ఉంది. తువ్వాలు తీగ మీద ఉంది. కళ్ళజోడు కిటికీలో ఉంది. మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు ఇలా వస్తువుల చిరునామాల దాకా దిగాయంటే, అసలు మాట ఏదో గొంతుకు అడ్డం పడి ఉందని లెక్క.

ఆ అసలు మాట ముందుగది టైపు మిషన్లో ఉంది.

కామేశ్వరరావు దాని ముందే కూర్చుని ఉన్నాడు. కాగితం మొన్ననే పూర్తయింది, సంతకం ఒక్కటే బాకీ. మనిషి కాగితం బయటికి లాగడు, సంతకం పెట్టడు, లేచి స్నానానికీ పోడు. పది గంటలకు కంపెనీ డ్రైవరు ముర్తుజా జీపేసుకుని వస్తాడు. ఆ కాగితం ఘాలా ఆఫీసులో పెద్ద సాహెబు చేతికి వెళ్ళాలి. గోడ గడియారంలో ఎనిమిదిన్నర అయింది.

సుగుణ ఆ కాగితం చదవకుండా ఉండవలసింది. కానీ రాజమండ్రిలో పి.యు.సి. దాకా చదివిన మనిషి, మొన్న పొద్దున బల్ల తుడుస్తూ ఇంగ్లీషు అక్షరాలు కనబడితే కళ్ళు మూసుకుంటుందా? చదివింది. పదిహేను ప్రశ్నలు, పదిహేను జవాబులు. పదమూడింటితో ఆమెకు పేచీ లేదు.

“బిర్కా అడుగున ఉన్న మట్టిని ఎవరు తీయించారు?” అని ఒక ప్రశ్న. “పనివాడు లచ్చన్న, చెప్పినదానికి మించి తీశాడు” అని జవాబు.

“గ్రామస్థులు ముందుగా హెచ్చరించారా?” అని ఇంకో ప్రశ్న. “లేదు” అని జవాబు.

అంతే. ఆ ఒక్క ‘లేదు’తో సుగుణ నోరు పడిపోయింది.

హలాన్ అనే ఊరు ఆ అరబ్బు దేశానికి ఉత్తరపు కొసన, కొండల మీద ఉంది. అక్కడ బావి లేదు, కాలువ లేదు. కొండను తొలిచి తాతలు కట్టుకున్న వాననీళ్ళ తొట్టి ఒకటి ఉంది. దాన్నే బిర్కా అంటారు. చలికాలంలో నాలుగు వానలు పడితే అది నిండుతుంది, ఆ నీళ్ళతోనే మనుషులూ మేకలూ ఏడాదంతా బతకాలి. పోయినేడు సర్కారువారి పనిగా కంపెనీ ఆ బిర్కాను బాగుచేసింది. ఆ పనికి ఇంజనీరు కామేశ్వరరావే. అడుగు గోకి సిమెంటు పూసింది, పంపు పెట్టింది, ఊరి మధ్య కుళాయి వేసింది, మరుగుదొడ్లు కట్టి మురుగు నీళ్ళకి దూరాన గుంటలు తవ్వింది. ఫొటోలు కూడా తీశారు. ఈ డిసెంబరులో వాన కురిసి బిర్కా నిండింది. తొమ్మిది రోజులు తిరక్కుండా ఖాళీ అయింది. వేసవి ఎండలకే సిమెంటు బీటలిచ్చి ఉంది. దాని కింద నీళ్ళను పట్టుకునే మట్టి లేదు. ఇప్పుడు ఊరు ఊరంతా మేకలతో సహా కిందికి దిగి సముద్రపొడ్డున గుడారాల్లో ఉంది.

తప్పు ఊరివాళ్ళదీ పనివాడిదీ అని తేలితే కంపెనీ మళ్ళీ అక్కడ పార పట్టక్కర్లేదు. లచ్చన్న వచ్చే విమానంలో ఇంటికి పోతాడు. కాగితం కథ ఇదీ.

“సుగుణా!”

రెండు రోజుల తర్వాత పేరు పెట్టి పిలిచాడు. ఆమె గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

“ఎన్నాళ్ళిలా మూతి ముడుచుకు కూర్చుంటావు?”

“నేనెక్కడ కూర్చున్నాను? కూర్చున్నది మీరు.”

“పుల్లవిరుపు మాటలొద్దు. ఏం చెప్పదలుచుకున్నావో చెప్పు.”

“చెప్పాల్సింది ఏడాది క్రితమే చెప్పాను. హలాన్‌లో, మధ్యాహ్నం భోజనాల దగ్గర. ఆ ముసలావిడ మోజా నన్ను బిర్కాలోకి దింపి చూపించింది, ఆ మట్టి ముట్టుకోవద్దంది అని చెప్పాను. మీరు ఊఁ అన్నారు.”

“నేను అన్నిటికీ ఊఁ అంటాను!”

“అదీ నిజమే లెండి.”

ఇంకో రోజైతే ఆ మాటకు ఇద్దరూ నవ్వేవాళ్ళే. ఆ రోజు నవ్వలేదు. ఆయన గడియారం వైపు చూశాడు. ఆమె ఖాళీ డబ్బాలు తీసుకుని మెట్లు దిగింది.

వాళ్ళు కాపురమున్న మత్రా రేవులో ఆ రోజుల్లో ఇంట్లో కుళాయి ఎక్కడిది! ఇప్పుడు చెబితే పిల్లలు నమ్మరు. పొద్దున్నే నీళ్ళ బండి సందు మొదట ఆగేది. కిరసనాయిలు డబ్బాలు బారులు తీరేవి. బజారులోంచి ఎండుచేపల వాసన, గుజరాతీ సేఠ్ల కొట్లలోంచి అగరొత్తుల వాసన, ఎవరి కిటికీలోంచో రేడియో సిలోను. అప్పట్లో చిరాకుపడ్డ ప్రతిదీ ఇప్పుడు తల్చుకుంటే ఎంత ముద్దొస్తుందో చూడండి. సుగుణకు మాత్రం ఆ రోజు ఏదీ ముద్దు రాలేదు.

కిందిమెట్టు మీద లచ్చన్న కూర్చుని ఉన్నాడు. పక్కన రేకుపెట్టె.

“ఇదేమిటి లచ్చన్నా, పెట్టెతో వచ్చావు?”

“రూమ్‌ల మంచం ఖాళీ జెయ్యమన్నరమ్మా. ఇంకోని పేరు రాసిండ్రట. సారు ఏమన్న జెప్తడేమోనని అచ్చిన.” లేచి ఆమె చేతిలోంచి డబ్బాలు అందుకున్నాడు. “మీరుండుండ్రి, నేను దెస్త.”

నలభై దాటిన మనిషి. జగిత్యాల పక్క ఊరు. తాత తండ్రి అందరూ ఎండాకాలం బావుల్లో దిగి పూడిక తీసినవాళ్ళే. నడుముకు తాడు కట్టి ఎంత లోతుకు దింపినా జంకని వంశం. ఆ పేరు చూసే కామేశ్వరరావు అతన్ని హలాన్ పనికి ఏరుకున్నాడు.

నీళ్ళు పైకి మోసి తొట్టిలో పోశాడు. సుగుణ వంటింటి గుమ్మం పక్క పీట వేసి గ్లాసులో టీ ఇచ్చింది. ముందుగదిలోంచి ఉలుకూ పలుకూ లేదు.

“సారు కోపంల ఉన్నడా?” గొంతు తగ్గించి అడిగాడు.

“కోపం కాదులే.”

“నా మీద రాసిండ్రని క్యాంపుల అందరు అంటున్నరు. రాయనియ్యిండ్రి. గోకింది నేనే గద.”

“నువ్వు గోకితే? చెప్పింది ఎవరు?”

“సారు జెప్పిండు. గని సారు జెప్పకున్నా నేను గట్లనే జేద్దు అమ్మా.” టీ గ్లాసు రెండు చేతుల్లో తిప్పాడు. “మా దిక్కు బాయి ఎండితే పూడిక దీస్తం. బురద దీసి బండ దాక వోతే ఊట అస్తది. సల్లటి ఊట. అడుగంట గోకినోడే మొగోడు మా కాడ. నేను ఆడ గూడ ఊటే అస్తదనుకున్న. కొండ మీద ఊటేందిరా అని ఒక్కసారన్న సోయి రాలే నాకు.”

సుగుణ గుమ్మం పక్కనే చతికిలబడింది. ఏమంటుంది? తను మాత్రం ఏమంత తెలిసిన మనిషి? ఆమె పుట్టిల్లు కాలువ గట్టు మీద. పెరటి రేవులో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే చేపపిల్లలు మడమలు కొరికేవి. ఎండాకాలం కాలువ కట్టేస్తే కూలీలు దిగి బురదంతా ఎత్తి గట్టు మీద పోసేవాళ్ళు, లాకులెత్తగానే కొత్తనీరు ఎర్రగా పరుగెత్తుకొచ్చేది. ఆ పనికి సూపర్వైజరుగా వచ్చినవాడే కామేశ్వరరావు. ఆ గట్టు మీదే ఆమెను చూసి పెళ్ళాడాడు. బురద కనబడితే తీసిపారేయడం తప్ప వేరే సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నీళ్ళు వాటంతటవే వచ్చే దేశాలవాళ్ళు వీళ్ళంతా. దాచుకోవలసిన నీళ్ళు వాళ్ళు చూసి ఎరగరు.

పనికని వెళ్ళే మొగుడితో హలాన్ వెళ్ళిన మొదటి రోజు గుర్తొచ్చింది ఆమెకు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. విమానంలో ఖసబ్ ఊరి దాకా, అక్కడినుంచి జీపులో దుమ్ము కొట్టుకుంటూ పైకి ఎక్కి, బడి గదిలో సామాను దించుకోగానే హాయిగా రెండు డబ్బాల నీళ్ళు నెత్తిన పోసుకుంది. రెండు చీరలు ఉతికింది. సబ్బునురుగుతో నీళ్ళు గుమ్మం దాటి సందులోకి పారాయి. అంతే, ఒక్కొక్క ఇంటి తలుపూ తెరుచుకుంది. ఆడవాళ్ళు బయటికి వచ్చి ఆ పారే నీళ్ళ వంక చూస్తూ నిలబడ్డారు. తిట్టలేదు, ఒక్క మాట అనలేదు. ముక్కు మీద చిన్న ముసుగు, చేతికర్ర పట్టుకున్న ముసలావిడ ఒకామె వచ్చి, కాలి బొటనవేలితో దుమ్ములో గీత గీసి ఆ నీళ్ళను రేగుచెట్టు మొదలుకు మళ్ళించింది. ఆవిడే మోజా. బిర్కా తలుపు ఆవిడ తెరిస్తేనే తెరుచుకోవాలి, అది అక్కడి ఆచారం.

ఆ నాలుగు నెలలూ సుగుణ జీవితంలో నీళ్ళ విలువ నేర్చుకున్న నెలలు. కూరలు కడిగిన నీళ్ళు మేకకు. చేతులు కడిగిన నీళ్ళు రేగుచెట్టుకు. చెంబుడు నీళ్ళతో స్నానం ఎలా చెయ్యాలో మోజా నేర్పింది. అదొక విద్య. పగలబడి నవ్వుకుంటూ నేర్చుకున్నారు. అరబ్బీ ముక్కలు పాతికో ముప్ఫయ్యో వచ్చాయి. మిగతాదంతా చేతులూ కళ్ళూ మాట్లాడుకునేవి. మత్రాకు తిరిగొచ్చాక కూడా గ్లాసులో మిగిలిన నీళ్ళు పారబోయడానికి ఆమెకు చెయ్యి వచ్చేది కాదు.

ఒకరోజు మోజా ఆమెను చెయ్యి పట్టుకుని బిర్కాలోకి దింపింది. మెట్ల పక్కన నీళ్ళు తగ్గి మట్టి బయటపడ్డ మూల చూపించింది. ‘తీన్’ అంది, అంటే మట్టి. ‘ఉమ్మీ’ అంది, అంటే మా అమ్మ. మేకల్ని దింపి తొక్కించినట్టు కాళ్ళు ఆడించి చూపింది, అరచేతులతో మెత్తినట్టు చూపింది. ఆ తర్వాత కామేశ్వరరావు పనిముట్లు ఉన్న వైపు కర్ర చాపి, ‘లా, లా, లా’ అని మూడుసార్లు తల అడ్డంగా ఊపింది. మొగవాళ్ళ దగ్గరికి పోయి చెప్పే అలవాటు ఆవిడకు లేదు. ఇంజనీరు భార్యకు చెప్పింది. ఇంజనీరుకు చెప్పినట్టే అనుకుంది.

“అమ్మా,” లచ్చన్న గొంతు విని సుగుణ ఈ లోకంలోకి వచ్చింది.

“ఊఁ?”

“ఒకటి జెప్త. ఎవ్వలికి జెప్పలే ఇంతదాక. ఆ మట్టి మీద వేళ్ళ గుర్తులుండెనమ్మా. సన్నయి. ఆడోళ్ళ వేళ్ళు. మా అవ్వ అరుగు అలికినట్టు, వరుస వెంబడి వరుస. నేను దీపం వట్టి సూసిన. ఇదెవలో కావాలని మెత్తింది గదా అని మనసుల అనిపిచ్చింది.” అతని కళ్ళు నిండాయి. “అనిపిచ్చినా గోకిన. ఆ గుర్తుల మీదికెల్లే గోకిన. ఒక్కలన్న అచ్చి, ఇది తియ్యొద్దురా అని జెప్పినా ఆగుదు. జెప్పేటోళ్ళే లేకపాయిరి.”

చెప్పేవాళ్ళు ఉన్నారు లచ్చన్నా, చెప్పారు అని సుగుణకు నోటిదాకా వచ్చింది. కానీ మొగుడి పరువు ఇంకొకరి ముందు తీయడం ఆమెకు చేతకాదు. ఆ రోజుల ఆడదాయె.

“ఇడ్లీలు పెడతాను తిని వెళ్ళు,” అంది.

అతను తిని, చెయ్యి కడుక్కుని కిందికి పోయాడు. అతను మెట్లు దిగిన చప్పుడు ఆగాక ఆమె ముందుగదిలోకి వెళ్ళి మొగుడి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“విన్నారా?”

“విన్నాను.”

“వేళ్ళ గుర్తులుట.”

“విన్నానన్నాగా!” కామేశ్వరరావు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “నువ్వు ఆ రోజు చెప్పిందీ విన్నాను, చాలా? ముసలమ్మ చాదస్తం అనుకున్నాను. అడుగున మట్టి పెట్టుకుని తాగే నీళ్ళేమిటి, అందుకే పిల్లలకు వాంతులూ విరేచనాలూ అనుకున్నాను. నేనేం ద్రోహం తలపెట్టలేదు సుగుణా. మంచిదనుకునే చేశాను.”

“ఆ సంగతి నాకు తెలీదా? మురుగు గుంటలు తవ్వించి మీరెంత మురిశారో చూశాను కాదూ. ఊళ్ళో ముసలాళ్ళు మరుగుదొడ్లలో మేకల్ని కట్టేస్తే చంటిపిల్లాడిలా అలిగారు.”

ఆయన పెదవుల మీద నవ్వులాంటిది వచ్చి పోయింది.

“మంచిదనుకునే చేశానని అదే రాయండి,” అంది ఆమె మెల్లగా.

“రాస్తే ఏమవుతుందో తెలుసా? తెలియక చేశానంటే క్షమిస్తారు. చెప్పినా వినకుండా చేశానంటే మర్నాడే వీసా కొట్టేస్తారు. సెలవు మీద సెలవు పెట్టి ఇరిగేషన్‌లో ఉద్యోగం ఊడగొట్టుకొచ్చాను. ఈ వయసులో తిరిగిపోయి ఎవరి గుమ్మంలో నిలబడను?”

“లచ్చన్న ఏ గుమ్మంలో నిలబడాలి?”

“అతనికి చేతిలో పని ఉంది. ఎక్కడైనా బతుకుతాడు.”

“మోజా?”

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

“ఆ ‘లేదు’ అన్న ముక్క అక్కడ ఉన్నంతకాలం మోజా నాకేం చెప్పనట్టే. కంపెనీ ఇక వాళ్ళ బిర్కా వంక తిరిగి చూడదు. ఇంకో చలికాలం వానలొస్తాయి, పోతాయి. వాళ్ళు ఆ గుడారాల్లోనే ఉంటారు. అంతేనా?”

కింద జీపు హారను మోగింది. పదికి ఇంకా పావుగంట తక్కువే. ముర్తుజా ఎప్పుడూ ముందే వస్తాడు.

కామేశ్వరరావు గబుక్కున కాగితం బయటికి లాగాడు. కలం తీశాడు. సంతకం పెట్టాడు. సుగుణ చూస్తూనే ఉంది. కాగితం మడిచి కవరులో పెట్టి లేచి నిలబడ్డాడు.

“ముర్తుజాకిచ్చి పంపను. నేనే పోయి ఇచ్చొస్తాను,” అన్నాడు ఆమె ముఖం చూడకుండా.

“అయితే నేనూ వస్తాను.”

“నువ్వెందుకు?”

“ఆ ముసలావిడ చెప్పింది నాకు. మీకు కాదు కదా.”

“సుగుణా, వద్దు.”

“జుట్టు ముడి వేసుకొస్తాను. ఉండండి.”

ముర్తుజా ముందు పెళ్ళాంతో దెబ్బలాడలేడు గనక కామేశ్వరరావు నోరు మూసుకుని ముందుసీట్లో కూర్చున్నాడు. వెనక సుగుణ, ఆమెకు ఎదురుగా రేకుపెట్టె ఒళ్ళో పెట్టుకుని లచ్చన్న. హైదరాబాదువాడు ముర్తుజా. మాటల పుట్ట. ఆ రోజు అతనూ రెండుసార్లు దగ్గి ఊరుకున్నాడు.

జీపు కొండ మలుపు దిగింది. ఎడం పక్క నల్లటి కొండలు, కుడి పక్కన దూరంగా సముద్రం. సుగుణ మొగుడి మెడ వైపు చూస్తోంది. చొక్కా కాలరు పైన వెంట్రుకలు నెరిసిపోయాయి. ఎప్పుడు నెరిశాయో ఆమె చూడనే లేదు. కాలువ గట్టు మీద సైకిలు ఆపి, మంచినీళ్ళిస్తారా అని అడిగిన కుర్రాడి మెడ అది. కవరును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

పొద్దుటినుంచీ ఉన్న కోపం కరిగి నీరైంది. ఏం చెయ్యాలి భగవంతుడా? నిజం చెబితే ఈయన పోతాడు. చెప్పకపోతే వాళ్ళు పోతారు. ఘాలా షెడ్లు కనబడేసరికి ఆమెకు దారి తోచింది. పాము చావాలి, కర్ర విరగకూడదు. ఉద్యోగం లేని మనిషి ఒకరుంటే చాలు. తప్పు ఆ మనిషి మీద వేస్తే ఎవరి వీసా కొట్టేస్తారు?

ఇంత తేలికైన దారి ఇంతసేపూ తట్టనేలేదేమిటా అని ఆమెకు ఆశ్చర్యమేసింది.

ఆఫీసు రేకుల షెడ్డు. లోపల ఏసీ చప్పుడు. పెద్ద సాహెబు ఇంగ్లీషువాడు, ఎర్రగా కాలిన ముఖం. ఆడమనిషిని చూసి లేచి నిలబడి కుర్చీ చూపించాడు. ముర్తుజా ఫైళ్ళు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. కామేశ్వరరావు కవరు బల్ల మీద పెట్టాడు. సాహెబు తెరిచి చదవబోతుంటే సుగుణ అంది, “అందులో ఒక జవాబు తప్పండీ. గ్రామస్థులు చెప్పారు. నాకు చెప్పారు.”

ఇంగ్లీషు తడబడింది. అయినా అర్థమైంది. సాహెబు కాగితం దించాడు. ఎప్పుడు, ఎవరు, ఏమని చెప్పారని అడిగాడు. ఆమె అన్నీ చెప్పింది. మోజా పేరు చెప్పింది, మట్టి సంగతి చెప్పింది. మెత్తినట్టు అరచేతులు కూడా ఆడించి చూపింది. ఆయన శ్రద్ధగా రాసుకున్నాడు.

“అయితే మీరు ఈ సంగతి మీ భర్తకు చెప్పారా?”

పక్క కుర్చీలో కామేశ్వరరావు ఊపిరి బిగబట్టిన సంగతి ఆమెకు తెలుస్తూనే ఉంది.

“లేదండీ,” అంది సుగుణ. “మర్చిపోయాను.”

నిజం చెప్పొద్దూ, ఆ మాట అన్నాక ఆమె ఎదురుచూసింది. మొగుడి నోట ఒక్క మాట వస్తుందని. ‘లేదు సార్, చెప్పింది’ అంటాడని. అనొద్దనే ఆమె అబద్ధమాడింది. అయినా అంటాడేమోనని మనసు చెవులు రిక్కించుకుని కూర్చుంది. ఆడదాని మనసు కదా, దానికి లెక్కలు తెలియవు.

కామేశ్వరరావు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

“ఆ మట్టి తీయమన్నది నేనే సర్,” అన్నాడు. “తెలియక తీయమన్నాను. లచ్చన్న తప్పేం లేదు.” ఎంత సులువుగా వచ్చాయో ఆ మాటలు!

సాహెబు ఇంకో రెండు ముక్కలు రాసి, రెండు జవాబులు కొట్టేసి కాగితం పక్కన పెట్టాడు. ఊరు హెచ్చరించింది గనక మరమ్మతు కంపెనీదేనన్నాడు. మళ్ళీ మట్టితోనే అడుగు వేయించాలన్నాడు. లచ్చన్న వెళ్ళక్కర్లేదన్నాడు. అంతా ఆమె అనుకున్నట్టే జరిగింది. చివర్న నవ్వుతూ కామేశ్వరరావు వైపు తిరిగి అన్నాడు, “ఏం చేస్తాం మిస్టర్ రావ్, ఆడవాళ్ళకు వంటింటి గొడవల్లో ఇలాంటివి గుర్తుండవు. మా ఇంట్లోనూ ఇంతే.”

కామేశ్వరరావు కూడా నవ్వాడు. పెద్ద నవ్వేం కాదు. కొంచెమే. సుగుణకు ఆ కొంచెం చాలు.

బయటికి వచ్చారు. ఎండ నెత్తి మీద ఉంది. షెడ్డు నీడలో లచ్చన్న లేచి నిలబడ్డాడు. లోపల ఫైళ్ళు అందించడానికి నిలబడ్డ ముర్తుజా అప్పటికే పరుగున వచ్చి, “బచ్‌గయే రే లచ్చన్నా! ఉండుడే ఇంక, హలాన్ పోవుడే!” అని అతని వీపు చరుస్తున్నాడు. ఏం జరిగిందో మొదటినుంచీ చివరిదాకా చెప్పేసి జీపు దగ్గరికి పోయాడు.

లచ్చన్న ముఖం మొదట వెలిగింది. ఆమెను చూసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. పెట్టిన చేతులు అట్లాగే మెల్లమెల్లగా కిందికి దిగాయి.

కామేశ్వరరావు పెళ్ళాం పక్కకు వచ్చి, ఆమెకు మాత్రమే వినబడేట్టు, “బతికించావే,” అన్నాడు. మొన్నటినుంచీ అంత మెత్తగా మాట్లాడటం అదే మొదలు.

“అమ్మా,” అన్నాడు లచ్చన్న. గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది. “ముసలమ్మ తియ్యొద్దని జెప్పిందా మీకు? నేను దిగకముందే జెప్పిందా?”

“చెప్పింది లచ్చన్నా.”

“మరి పొద్దుగాల నేను గంత ఏడిస్తి గదమ్మా మీ ముంగట. అప్పుడన్న యాదికి రాలేదా? గంత మాట ఎట్ల మర్సిపోయిన్రు?”

సుగుణ తల తిప్పి మొగుడి వంక చూసింది. ఈసారి ఎదురుగా సాహెబు లేడు. వీసా లేదు, కాగితం లేదు. ఎండలో ముగ్గురే నిలబడి ఉన్నారు. ఒక్క మాట చాలు, లచ్చన్న ఒక్కడికి చెబితే చాలు. ఆమె అడగలేదు. చూసిందంతే.

కామేశ్వరరావు జీపు దాకా నడిచి, ముందు తలుపు తీసుకుని లోపల కూర్చున్నాడు.

“ఎండగా ఉంది. రా సుగుణా,” అన్నాడు అక్కడినుంచి.

ఆమె కదల్లేదు.